ఎర్రదారం కొస

మేకలు తిన్నది ఒట్టి ఆకులే అయితే ఓబులేసు అంతగా గొంతు చించుకునేవాడు కాదు. ఆకులతో పాటు అవి పేర్లు కూడా తినేశాయి.

చాలా రోజుల తర్వాత ఆ పొద్దున అతను సత్తు బిందె నిండా నీళ్ళు ముంచుకుని, భుజానికెత్తుకుని గుట్ట ఎక్కాడు. పైకెళ్ళి చూశాడు. చూసి, ఆ బిందెను నీళ్ళతో సహా బండకేసి కొట్టాడు.

వానాకాలంలో తన చేత్తో నాటిన మొక్కలు అవి. ఒక్కో మొక్క పక్కన ఒక కర్ర, కర్రకు ఒక అట్ట, అట్టకు అంటించిన ఒక పోస్టుకార్డు. కార్డు మీద ఎక్కడో దూరాన ఉన్న మనిషి గీసి పంపిన చెట్టు బొమ్మ, కింద ఆ మనిషి పేరు. ఇప్పుడు కర్రలున్నాయి. అట్టలు సగం సగం వేలాడుతున్నాయి. కార్డుల జాడ లేదు. మొక్కలకు మొదళ్ళు మాత్రం మిగిలాయి. చుట్టూ మేక పెంటికలు.

అరికాలి మంట నెత్తికెక్కింది. గుట్టవాలున ఒక మేక ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ నిలబడి ఉంది. దాని కొమ్ము దొరకబుచ్చుకుని కిందికి ఈడ్చుకొచ్చాడు. ఆ మేక తాలూకు మనిషి సుంకమ్మ, చేతికర్ర ఊపుకుంటూ, అతని ఏడుతరాలను పేరుపేరునా తిట్టుకుంటూ వెనకాలే దిగింది.

దిగింది దర్గా దగ్గరికి. దర్గా అంటే పెద్దదేమీ కాదు. గుట్ట మొదట్లో సున్నం కొట్టిన ఒక గది, ఆ గదిలో పాతకాలపు ఫకీరు ఒకాయన సమాధి, ముందు వసారా, పక్కన దిగుడుబావి. వసారాలో మాబుజేజి కూర్చుని ఉంటుంది. దూదేకులవాళ్ళ ఆడబిడ్డ. వయసెంతో ఆమెకే తెలీదు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ కులం వాళ్ళయినా సరే, మనసు బాగోలేకపోతే వచ్చి ఆమె ముందు కూర్చుంటారు. ఆమె పాతచీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టుకుంటూ వింటుంది. చెప్పేది ఒక మాటో రెండు మాటలో. చిరునవ్వుతో ఉండే గురువుల కథలు విని వచ్చినవాళ్ళు మాత్రం ఆమెను చూసి నిరాశపడి పోతారు. జేజికి మాటలు తక్కువ, కోపం ఎక్కువ.

ఓబులేసు ఆమెకు శిష్యుడు. ఒకప్పుడు పట్నంలో సినిమావాళ్ళ బొమ్మలు గీసేవాడు. పగలు బొమ్మలు గీసి, తెల్లారకముందే లేచి గోడలకు పోస్టర్లు అంటించేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచెతో పని లేకుండా పోయింది. తాగాడు, తిరిగాడు, చివరికి ఈ వసారాలో పడ్డాడు. జేజి అతని చేతికి ముందు సంగటి గిన్నె ఇచ్చింది, తర్వాత చీపురు ఇచ్చింది. కొన్నాళ్ళు చూసి గుట్ట ఇచ్చింది.

గుట్ట ఇవ్వడమంటే, ఒకరోజు వేలు చూపించి, "దాన్ని చూస్తే నాకు కడుపు మండుతాది. నిప్పు పెట్టి పోయినారు ఎవరో నాయాండ్లు. ఒక్క చెట్టు లేదు. ఏమన్నా చెయ్యి" అంది. అదే ఉపదేశం. మంత్రం గింత్రం ఏమీ లేదు.

ఓబులేసు బుర్ర ఊరికే ఉండేది కాదు. తెలిసినవాళ్ళకూ, తెలియనివాళ్ళకూ పోస్టుకార్డులు రాశాడు. 'మీరు పోగొట్టుకున్న చెట్టును ఒక కార్డు మీద గీసి నాకు పంపండి. గీయడం రాకపోతే ఆకు అంటించండి, గుడ్డ కుట్టండి, మీ ఇష్టం. మీ కార్డు వచ్చిన రోజే మీ పేర ఈ గుట్ట మీద ఒక మొక్క నాటుతాను. ఈ ఉత్తరం ఇంకొకరికి చెప్పండి.'

జనం చెప్పుకున్నారు. కార్డులు వచ్చాయి. స్కూలు పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసినవి, రిటైరైన గుమస్తాలు బస్సు టిక్కెట్లు కత్తిరించి కొమ్మలుగా అంటించినవి, ఎవరో అమ్మాయి తన జడ వెంట్రుకలతో ఊడలు కుట్టినది, దేశం కాని దేశం నుంచి పక్షి ఈకతో ఒకటి. ఓబులేసు ప్రతిదాన్నీ అట్టకు అంటించి మొక్క పక్కన కట్టాడు. మరీ బాగున్నవాటిని మాత్రం వసారాలో దండేలకు వేలాడదీశాడు. పేపరువాళ్ళు వచ్చారు. పట్నం నుంచి కార్లలో జనం వచ్చారు. దండేల కింద నిలబడి ఫొటోలు దిగారు, ప్రకృతి ప్రకృతి అని నిట్టూర్చారు, వాళ్ళు తాగిపడేసిన నీళ్ళ సీసాలు జేజి ఏరి పక్కన పెట్టింది. వాళ్ళలో ఒక్కడూ గుట్ట ఎక్కలేదు. ఎక్కమని ఓబులేసూ అనలేదు. వచ్చిన కార్డులకు జవాబులు రాయడానికే అతనికి పొద్దు చాలేది కాదు. గుట్టెక్కడం వారానికోసారయింది, నెలకోసారయింది, తర్వాత అదీ లేదు.

ఇదంతా జేజి చూస్తూనే ఉంది. ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడాన్ని ఓబులేసు మెప్పు అనుకున్నాడు.

"నీ మేకలు కాదూ? చూడు, పొట్ట ఎట్ల పగిలేట్టుందో!" వసారా ముందు మేకను నిలబెట్టి ఓబులేసు ఒంటికాలి మీద లేచాడు. "మనుషుల పేర్లు తినేసినాయి! దేశాల నుంచి వచ్చిన బొమ్మలు! ఒక్కో దానికీ ఒక్కో కథ! జేజీ, నువ్వు చెప్పు. ఇంక ఈమె మేకలు గుట్ట మీద కాలు పెట్టకూడదు. నువ్వు చెప్తే ఊరంతా వింటాది."

"యో, కొమ్ము వదుల్యా ముందు!" సుంకమ్మ మేకను లాక్కుంది. "మా తాతల కాన్నుంచి ఈ గుట్ట మీద మేపుతాండాం. పోయిన వానల్లో నాటినావే, అప్పుడు తిన్యాయా? చలికాలంలో తిన్యాయా? నీళ్ళు లేక మొక్కలు వాడిపోతాంటే నేను కేకేసి చెప్తి, నువ్వు ఆ పేపరాయనతో మాట్లాడతా ఉంటివి. నా కేక నీకు వినపళ్ళా?"

"మాట మార్చొద్దు! తిన్నది మేకలా కాదా?"

జేజి తలెత్తలేదు. ఒడిలో కుట్టు పూర్తయిన బొంత ఉంది. బొంత కుట్టేముందు పొరలు జరక్కుండా పొడుగు పొడుగు కచ్చాకుట్లు వేస్తారు. అసలు కుట్టు అయ్యాక వాటిని తీసేయాలి. జేజి ఒక మూల వేలాడుతున్న దారం కొస పట్టుకుని లాగింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా కుట్టంతా ఒక్క లాగుకు సుర్రుమని ఊడి వచ్చింది. ఆ దారాన్ని చుట్టి పక్కన పెట్టుకుని, ఇంకో కొస వెతుక్కుంది.

ఇద్దరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. మేకకు అంత ఓపిక లేదు. దాని ముందు నేల మీద ఎవరో తెచ్చి పడేసిన పచ్చి వేపమండ ఉంది. దాన్ని వాసన కూడా చూడలేదు. ముందుకాళ్ళు వసారా అరుగు మీద పెట్టి, మెడ చాచి, దండేనికి వేలాడుతున్న అట్టనొకదాన్ని నోట కరిచి లాగింది. కార్డును అట్ట నుంచి ఒడుపుగా ఊడబెరికి, కళ్ళు సగం మూసుకుని నమిలింది.

ఓబులేసు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

మైదా గంజి.

జీవితంలో సగం పొద్దులు అతను మేకలమీద రాళ్ళు విసురుతూనే గడిపాడు. తెల్లారకముందే గోడకు పోస్టరు అంటించి వెనక్కి తిరిగేలోపల హీరో మొహాన్ని మేక నాకేసేది. గంజి వాసనకు అవి ఎంత దూరాన్నుంచయినా వస్తాయని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. ఆ గంజే కాచి, ఆ చేత్తోనే, గుట్ట మీద ప్రతి మొక్క పక్కనా ఒక విస్తరి వేసినట్టు కట్టొచ్చాడు. ఎండలకు గుట్ట మీద గడ్డి పోయాక, గంజి కోసం వచ్చిన నోటికి పక్కనే మొక్క అందింది.

సుంకమ్మకు కూడా అర్థమైంది. నవ్వు రాబోయింది కానీ కోపం ఇంకా దిగలేదు. మేక చెవి పట్టుకుని, "పదవే. మన్ని అన్నోని పాపాన వాడే పోతాడు" అంటూ వెళ్ళిపోయింది.

తప్పు తనదని తెలిస్తే కోపం తగ్గాలి. ఓబులేసుకు పెరిగింది. సుంకమ్మ మీద చూపించడానికి వీల్లేని కోపం ఎటు పోవాలో తెలీక అతను వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

"గంజి నాదే, సరే. శుక్రవారం నూకరత్నమ్మ వస్తాంది జేజీ. గోదావరి అవతల నుంచి. తన చెట్టు చూసుకోను వస్తాంది. నిన్న కార్డు వచ్చింది. ఏం చూపించేది?"

ఆ పొద్దున అతను ఇన్నాళ్ళకు బిందె ఎందుకు ఎత్తుకున్నాడో అదీ సంగతి.

"ఏముంటే అది" అంది జేజి.

"ఏమీ లేదే! ఆమె పేర నాటిన మొక్కకు మొదలు కూడా మిగల్లేదు." గొంతు తగ్గించాడు. "బావి పక్కన కానుగ మొక్క ఉంది గదా. దానంతట అది మొలిచింది. నా ఎత్తుంది. ఆమెది కూడా కానుగే. ఆమె పేరు రాసి దానికి కడతా. చూసుకుని సంతోషంగా పోతాది. ఆమెకేం తెలుస్తాది?"

జేజి చేతిలో సూది ఆగింది. దాన్ని బొంతలో గుచ్చి, మొదటిసారి అతనివైపు చూసింది. ఆ చూపుకు ఓబులేసు తిరగడం మానేశాడు.

"ఆమె నీకేం పంపింది?"

"కార్డు."

"తీసుకురా."

అతను గోడ దగ్గరికి వెళ్ళాడు. వసారాలో అన్ని కార్డులూ దండేలకు ఉంటే నూకరత్నం కార్డు ఒక్కటే గోడకు, అద్దం బిగించిన చట్రంలో ఉంది. దాన్ని రెండు చేతులా దించి తెచ్చాడు. అంత కోపంలోనూ దాన్ని చూస్తే అతని మొహం మారింది.

ఆ కార్డు మీద బొమ్మ లేదు. నీలంరంగు గుడ్డముక్క ఒకటి చిన్న జేబులా ఎర్రదారంతో కుట్టి ఉంది. జేబు లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది. కుట్టు చివర దారాన్ని తెంపకుండా జానెడు పొడుగు వదిలేసింది. పక్కన వంకర అక్షరాలు.

'అయ్యా, నా పెళ్ళయిన కాడినుంచి మా ఊరి రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద టిఫిను బండి పెట్టుకుని బతికాను. రోడ్డు వెడల్పు చేస్తామని ఒక్క పూటలో కొట్టేశారు. అడ్డం నిలబడితే చెయ్యి పట్టి లాగేశారు. కాయలు ఏరుకుని డబ్బాల్లో వేశాను. మొలకలు వచ్చాయి. ఫుట్‌పాత్ మీద పెట్టానని డబ్బాలు కూడా లారీలో వేసుకుపోయారు. ఇది ఆఖరి గింజ. నాటుకోడానికి నాకు చోటు లేదు. మీ గుట్ట మీద ఉందన్నారు. ఈ గుడ్డ నా బండికి కట్టినది. బొమ్మ గీయడం నాకు రాదు, ఏమీ అనుకోవద్దు. నూకరత్నం.'

ఇది వచ్చిన రోజు ఓబులేసు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అబద్ధపు కన్నీళ్ళు కావు. అంత గొప్ప బొమ్మను తన జన్మలో చూడలేదనుకున్నాడు. దాన్ని విప్పడానికి చేతులు రాలేదు. నర్సరీ నుంచి తెచ్చిన కానుగ మొక్క ఒకటి ఆమె పేర నాటేసి, కార్డును అద్దంలో పెట్టాడు. పేపరాయన వచ్చినప్పుడు వేలాడే ఎర్రదారాన్ని చూపించి, "ఇది వేరు. నరికినా ఆ చెట్టు ఇంకా నేల కోసం వెతుక్కుంటాంది" అన్నాడు. పేపరాయన ఆ మాటనే పెద్దక్షరాల్లో వేశాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ దారం ముందు కాసేపు మౌనంగా నిలబడి వెళ్ళారు.

జేజి చట్రాన్ని బోర్లించి, వెనక బిగించిన రేకును సూదిమొనతో ఎత్తింది. అద్దం పక్కన పెట్టింది. కార్డును చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలు నడిపించింది. పొడుగు పొడుగు కుట్లు. మొదట్లో ముడి లేదు. చివర కొస వేలాడుతోంది.

ఆ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది.

సుర్రుమని దారమంతా వచ్చేసింది. నీలం జేబు ఊడి జేజి ఒడిలో పడింది.

"జేజీ! బొమ్మ!" ఓబులేసు కేక పెట్టాడు.

"గింజ" అంది జేజి.

అరచేతిలో ఉంది అది. గోధుమరంగు, చదునుగా, కొద్దిగా ముడతపడి. ఆమె దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. కానుగ గింజలో ప్రాణం ఏడాది ఉంటే గొప్ప. పోయిన ఎండాకాలంలో ఏరిన గింజ. మళ్ళీ ఎండలు ముదురుతున్నాయి. వానాకాలమంతా అది గోడ మీద ఉంది, నాలుగడుగుల దూరంలో చూరునీళ్ళు కారుతుంటే.

జేజి చెంబులో నీళ్ళు పోసి గింజను అందులో వేసింది. ఓబులేసు వంగాడు. పుచ్చిన గింజ తేలుతుంది, మంచిది మునుగుతుంది. జేజి అతను చూడకుండా చెంబు మీద మూత పెట్టేసింది.

"మునిగిందా జేజీ?"

"నీకెందుకు? నీ బొమ్మ ఉంది గదా, చూసుకో."

నీలం గుడ్డనూ, ఖాళీ కార్డునూ అతని వైపు తోసి, సూది తీసుకుని మళ్ళీ బొంత పనిలో పడింది. ఓబులేసు అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. జేజి మీద కోపంగా ఉంది. చెడగొట్టేసింది. ఆ మాట పైకి అనలేదు కానీ మనసులో ఎన్నిసార్లు అనుకున్నాడో.

శుక్రవారం జేజి అతన్నే బస్సు దగ్గరికి పంపింది. "నువ్వే పిలుచుకురా. చెప్పాల్సింది నువ్వే చెప్పు" అంది.

నూకరత్నం దిగింది. బక్కపలచటి మనిషి. నూనె సెగకు నల్లబడిన ముంజేతులు. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ సీసా. సీసాను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మా గోదారి నీళ్ళండి" అంది ఓబులేసు చూపు గమనించి. "మా చెట్టు తాగింది ఈ నీళ్ళే కదండీ. ఇంత దూరం వచ్చేసిందని బెంగెట్టుకుంటదేమో, ఒక్కసారి పోద్దామని. రైల్లో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండి. ఆయ్."

బస్సు దిగినచోటి నుంచి దర్గాకు నడక. ఓబులేసు చెప్పాలనే అనుకున్నాడు. చింతతోపు దాటాక చెప్దామనుకున్నాడు. వంక దాటాక చెప్దామనుకున్నాడు. నూకరత్నం నోరు మూతపడితేగా! ఆ చెట్టు నీడ పొద్దున్నే ఎటు పడేదో, పూతకాలంలో ఇడ్లీ పళ్ళెం మీద పూలు రాలితే జనం వాటిని ఊదుకుని ఎట్లా తినేవాళ్ళో, కొట్టేసిన రోజు ఎండలో నిలబడి చుట్టూ చూస్తే తన బండి తనకే ఎట్లా పరాయిగా కనబడిందో, అన్నీ చెబుతూనే ఉంది. గుట్ట కనబడగానే నిలబడిపోయింది.

"అదేనా అండి? ఆ పచ్చగా ఉన్నదీ?"

"అది కలబంద పొద అమ్మా."

"మరదీ?"

"అది... రేగు."

"పోన్లెండి, దగ్గరికెళ్తే నేనే గుర్తుపడతాను" అని ఆమె అడుగులు పెంచింది. వెనకాల ఓబులేసు కాళ్ళు ముందుకు పడలేదు.

వసారాలోకి రాగానే ఆమె కళ్ళు జేజి పక్కన చాప మీద పడ్డాయి. నీలం గుడ్డ, ఎర్రదారపు చుట్ట, ఖాళీ కార్డు.

ఓబులేసు గబగబా ముందుకొచ్చాడు. "అమ్మా, తప్పయిపోయింది. నేను ఎంత జాగ్రత్తగా అద్దంలో పెట్టినానో ఈ గోడనడుగు. జేజి చూసుకోకుండా మొన్న లాగేసింది. అంత మంచి పని, నేను ఆపేలోపల చెడిపోయింది."

"చెడిపోవడమేంటండీ?" నూకరత్నానికి అర్థం కాలేదు. "లాగుతారనే కదండీ కొస వదిలాను. కత్తెర పెడితే గింజకి దెబ్బ తగులుద్దని కచ్చాకుట్టు వేసి..."

అంటూ అంటూ ఆగింది. సీసా పట్టుకున్న చెయ్యి కొద్దిగా కిందికి దిగింది.

"మొన్నా? మొన్న లాగారా?"

ఓబులేసు తలూపాడు.

"మరి వానాకాలంలో ఏం నాటారండీ?"

దూరంగా సుంకమ్మ మేకల్ని అదిలిస్తున్న కేక వినబడింది. ఓబులేసు నేల చూస్తూ చెప్పాడు. నర్సరీ మొక్క. గంజి. మేకలు. ఆఖరికి బావి పక్కన మొక్కకు ఆమె పేరు కడదామనుకున్నది కూడా. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. జేజి ఉంది గనక చెప్పాడో, ఆ సీసాను చూసి చెప్పాడో, అతనికే తెలీదు.

నూకరత్నం ఏడవలేదు. అరవనూ లేదు. అరిచి ఉంటే ఓబులేసుకు కొంత బాగుండేది.

"నా చెట్టు కొట్టినోళ్ళని రోజూ పొద్దున్నే లేచి తిట్టుకుంటానండి" అంది. "ఈ మాటు మిమ్మల్ని కూడా కలపాలి. వాళ్ళు చెట్టొక్కటే తీసుకున్నారండి. మీరు గింజని కూడా ఉంచేసుకున్నారు. అందంగా ఉందనండీ? నేను అందానికి పంపానా? బొమ్మ రాదు, ఏమీ అనుకోవద్దని రాశాను కదండీ. చదివారా? చదివి గోడకి కొట్టారా?"

కార్లలో వచ్చి ఆ దారం ముందు మౌనంగా నిలబడ్డవాళ్ళందరూ ఓబులేసుకు ఒక్కసారి గుర్తొచ్చారు. వాళ్ళందరికంటే ముందు వరసలో, వాళ్ళందరికంటే ఎక్కువ తన్మయత్వంతో, తనే నిలబడి ఉన్నాడు. అతనికి వాళ్ళమీద అసహ్యం వేసింది. కానీ అది వాళ్ళ ఒక్కరి మీదే అనుకోవడానికి ఇక వీల్లేకపోయింది.

జేజి చెంబు మూత తీసి, చెంబును నూకరత్నం ముందుకు జరిపింది. ఇద్దరూ వంగి చూశారు. గింజ అడుగున ఉంది. నీరు తాగి ముడతలు విప్పుకుని, కాస్త లావెక్కింది.

నూకరత్నం చెంబులో చెయ్యి పెట్టి దాన్ని తీసుకుంది. తడి పిడికిలి మూసింది.

"పైకి పోదాం" అంది జేజి. ఆమె గుట్ట ఎక్కి ఎన్నేళ్ళయిందో. ఓబులేసు పట్టుకోబోతే ఆ చెయ్యి విదిలించి, కర్ర పోటు వేసుకుంటూ ఎక్కింది.

పైన ఓబులేసు గొయ్యి తవ్వాడు. రాతినేల. పార తగిలిన ప్రతిసారీ ఖంగుమంది. నూకరత్నం చాలు అనలేదు. లోతు చాలక రెండుసార్లు తవ్వించింది. పైమట్టి గోతిలో నింపాక తనే కూర్చుని, వేలు లోతున గింజ పెట్టి, పొడిమట్టి మెల్లగా కప్పింది.

సుంకమ్మ మేకలతో పాటు ఆ వాలునే ఉంది. మేకలు ఇటు వస్తుంటే అదిలించి ఆపి, చూస్తూ నిలబడింది. ఓబులేసు ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, తుమ్మకంప రెండు కొమ్మలు కొట్టిస్తావా? చుట్టూ పెట్టాల."

సుంకమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. కొడవలి తీసింది. "కొట్టిస్తా. గంజి రాసిన అట్ట మాత్రం కట్టొద్దు."

"కట్టను."

"ఎవరి పేరూ కట్టొద్దు."

"కట్టనక్కా."

కంప చుట్టూ వేశారు. ముళ్ళు గుచ్చుకుని ఓబులేసు చేతులు గీరుకుపోయాయి. నూకరత్నం సీసా మూత తిప్పి, గోదావరి నీళ్ళను సన్నటి ధారగా పోసింది. ఆఖరి చుక్కదాకా దులిపింది. ఎండిన మట్టి ఆ నీళ్ళను చప్పుడు లేకుండా పీల్చేసుకుంది. కాసేపటికే పైన తడి ఆరడం మొదలైంది. ఎండ అట్లాంటిది.

ఆమె ఆ మట్టినే చూస్తూ అడిగింది.

"మొలుస్తుందంటారా మామ్మగారూ?"

జేజి బండ మీద కూర్చుని ఊపిరి తీసుకుంటోంది.

"నన్నేల అడిగేది తల్లీ? నీ సీసా అయిపాయె. రేపట్నుంచి నీళ్ళు మోసేవాన్ని అడుగు."

నూకరత్నం ఓబులేసు వైపు తిరిగింది. కోపం ఇంకా అలాగే ఉంది కళ్ళలో.

కొంచెం అవతల, ఆ రోజు బండకేసి కొట్టిన సత్తు బిందె సొట్టపడి దొర్లి ఉంది. అతను వెళ్ళి దాన్ని తీశాడు. చిల్లు పడిందేమోనని ఎండకేసి పట్టి లోపలికి చూశాడు. పడలేదు. భుజానికెత్తుకుని బావివైపు దిగాడు.